కళ్లా? కల్లా?

సంపాదకుడు గారికి,

మొన్న మిర్చి యార్డు వైపు నుంచి స్కూటరు మీద వస్తుంటే వెనక కూర్చున్న మా మనవరాలు "తాతయ్యా, కల్లు మండుతున్నాయి" అంది. పక్కనే ఆగిన ఆటో అతను ఒకటే నవ్వు. పిల్ల రెండో తరగతి. బడికి వెళ్లి అడిగితే "రెండూ ఒకటేనండీ, రాసేటప్పుడే తేడా" అన్నారు టీచరమ్మ. ఆవిడనని లాభం లేదు, ఆవిడకూ ఎవరూ చెప్పి ఉండరు. మా ఇంట్లోనూ సగం మంది ల తోనే కానిచ్చేస్తున్నాం.

తేడా నోట్లో ఉంది. ల అంటే నాలుక కొన పైపళ్ల వెనక ఆనుతుంది. ళ అనాలంటే ఆ కొనను వెనక్కి మడిచి పైన అంగిటికి తాకించాలి. త కీ ట కీ, న కీ ణ కీ ఉన్న తేడా కూడా ఇదే. అసలు మన అక్షరాల వరసే నోటి పటం. క వరస లోపల గొంతు వైపు, చ వరస అంగిలి దగ్గర, ట వరస మడిచిన నాలుకతో, త వరస పళ్ల దగ్గర, ప వరస పెదవుల మీద. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అనే పేర్లు పిల్లలకు తర్వాత చెప్పినా పరవాలేదు.

సున్నా సంగతి చూడండి. బస్సు బోర్డులు చదివితే చాలు. మంగళగిరిలో సున్నా ఙ, కంచికచర్లలో ఞ, గుంటూరులో ణ, నందిగామలో న, అంబాపురంలో మ. రాసేది ఒకే సున్నా, పక్కనున్న అక్షరం ఎక్కడ పలుకుతుందో అదీ అక్కడికే పోతుంది. ఇది ఎవరూ నేర్పకుండానే అందరం సరిగ్గా పలుకుతాం!

యాసను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. శ, ష ల దగ్గర పెద్దవాళ్లమే చేతులెత్తేశాం, వాటి కోసం పట్టుబట్టను. కానీ ల, ళ మారితే మాటే మారిపోతోంది కదా.

విద్యాశాఖ వారిని అడిగేది పెద్ద ఖర్చు పనేం కాదు. ఒకటో తరగతి అక్షరాల చార్టులో ఒక్కో వరస పక్కన నాలుక ఎక్కడ ఆనాలో చూపే చిన్న నోటి బొమ్మ వేయించండి. తరగతికో చేతి అద్దం ఇవ్వండి. టీచర్ల శిక్షణలో దీనికి ఒక పూట కేటాయించండి.

మా పిల్లకు అద్దం ఇచ్చి వారమైంది. ళ వచ్చేసింది. ఇప్పుడు పొద్దున్నే "పాళు" కావాలంటోంది.

- ఒక తాతయ్య, బ్రాడీపేట, గుంటూరు