జిమ్‌లో పాటల హోరుకు ఒక కొలత ఉండాలి

సంపాదకునికి,

సాయంత్రం ఆరు దాటాక అమీర్‌పేటలోనో, కూకట్‌పల్లిలోనో జిమ్ మెట్లెక్కితే, లోపలికి అడుగు పెట్టకముందే బేస్ దెబ్బ ఛాతీకి తగులుతుంది. వ్యాయామానికి పాట తోడుంటే హుషారే, కాదనం. కానీ చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషికి మాట అందాలంటే గొంతు పెంచాల్సి వస్తోందంటే, అక్కడ శబ్దం దాదాపు 85 డెసిబెల్స్‌కు చేరిందని అర్థం. చెవిలో ఇప్పటికే గుయ్‌మనే హోరు ఉన్నవారికి, మైగ్రేన్ ఉన్నవారికి, మామూలు చప్పుడే భరించలేని హైపరక్యూసిస్ ఉన్నవారికి అది నరకం. వాళ్లలో చాలామంది ఎవరికీ చెప్పుకోలేక జిమ్ మానేస్తున్నారు.

శబ్దం ఎంత అన్నదే కాదు, ఎంతసేపు విన్నామన్నదీ ముఖ్యమే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటల వరకు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర గంట, 97 దగ్గర అరగంట, 100 దగ్గర పావుగంట. అంటే 97లో సాగే ముప్పావుగంట జుంబా క్లాసు ముగియకముందే ఆ రోజు కోటా అయిపోతుంది. శబ్దాన్ని పసిగట్టే కేశ కణాలు లోపలి చెవిలో ఒకసారి దెబ్బతింటే మళ్లీ పుట్టవు.

ముందు కొలవండి. ఐఫోన్ ఉన్నవారికి నియోష్ వారి సౌండ్ లెవెల్ మీటర్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లలో ఫోన్‌ను బట్టి అంకె మారుతుంది కాబట్టి ఒకచోటికీ మరోచోటికీ తేడా చూడటానికే వాడుకోవాలి. మైకు మీద వేలు పడకుండా ఫోన్‌ను చెవి ఎత్తులో పట్టుకుని, చెవి వినే తీరుకు దగ్గరగా బేస్‌ను తక్కువగా లెక్కించే ‘ఎ’ వెయిటింగ్‌లో రెండు మూడు నిమిషాల సగటు చూడండి. ట్రెడ్‌మిల్ దగ్గర, డంబెల్స్ దగ్గర, స్పీకర్ కింద విడివిడిగా కొలవాలి. తర్వాత బేస్‌ను దాదాపు పూర్తిగా లెక్కించే ‘సి’ వెయిటింగ్‌కు మార్చి చూడండి. అంకె బాగా పెరిగిందంటే గోలంతా బేస్‌దే, ముందు తగ్గించాల్సింది బేస్ స్పీకర్ అయిన సబ్‌వూఫర్‌నే.

ఇయర్‌ప్లగ్స్ పెట్టుకునేవారిలో ఎక్కువమందికి పూర్తి ఫలితం దక్కకపోవడానికి కారణం ఒక్కటే, అవి సగమే లోపలికి వెళ్తాయి. ఫోమ్ ప్లగ్‌ను ముడతలు పడకుండా సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. ఎదుటివారికి ప్లగ్ పొడుచుకొచ్చి కనిపిస్తోందంటే అది సరిగా కూర్చోలేదు. డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 33 అని ఉన్నంత మాత్రాన 33 డెసిబెల్స్ తగ్గవు. అందులోంచి 7 తీసేసి మిగిలినదాన్ని సగం చేస్తే వచ్చే 13నే నమ్ముకోవాలి.

ఫోమ్‌తో ఒక చిక్కుంది. అది బేస్ కన్నా సన్నని శబ్దాలను ఎక్కువగా ఆపుతుంది. దాంతో ట్రైనర్ మాట మసకబారి, దబదబలు మిగిలిపోతాయి. సంగీత కళాకారులు వాడే ఫిల్టర్ ఉన్న సిలికాన్ ప్లగ్స్ బేస్‌నూ సన్నని శబ్దాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి జిమ్‌కు అవే మేలని మా అభిప్రాయం. హాల్లో 95 ఉంటే 15 తగ్గితే చాలు. అంతకు మించి మూసుకుంటే బార్‌బెల్ కింద ఇరుక్కున్న మనిషి కేక కూడా వినపడదు.

ప్లగ్స్‌తో పరుగెత్తితే ప్రతి అడుగూ, సొంత ఊపిరీ తలలో మోగుతాయి. చాలామంది అది చూసి ప్లగ్‌ను కాస్త బయటికి లాగుతారు. దాంతో రక్షణ పోతుంది, మోత ఇంకా పెరుగుతుంది. మరికాస్త లోతుగా పెడితేనే ఆ మోత తగ్గుతుంది. దూది దాదాపు దండగ. నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌ఫోన్లు ఎడతెగని బేస్‌ను తగ్గిస్తాయి కానీ ప్లేట్లు కింద పడే చప్పుడును అంతగా ఆపలేవు. పైగా జిమ్ పాటను మించి సొంత పాట పెంచితే అసలుకే మోసం. చెమట పట్టే చెవిలో ఫంగస్ సులువుగా చేరుతుంది. సిలికాన్ ప్లగ్స్‌ను రోజూ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఫోమ్‌వి పారేయాలి. చెవి కారుతున్నా, కర్ణభేరికి చిల్లు ఉన్నా డాక్టరును అడగకుండా ఏదీ పెట్టకండి. జిమ్ బయటికి రాగానే తీసేయండి. నిశ్శబ్దంలోనూ మూసుకుని తిరిగితే చెవి చిన్న చప్పుళ్లకూ ఇంకా ఉలిక్కిపడుతుంది.

అసలు మందు యజమానుల చేతిలో ఉంది. హాలుకు ఒక చివర రెండు పెద్ద స్పీకర్లు పెట్టి అవతలి చివరకు వినిపించాలని చూస్తే, దగ్గరున్నవారి చెవులు చిల్లులు పడతాయి. సీలింగ్ పొడవునా చిన్న స్పీకర్లు తక్కువ వాల్యూమ్‌లో పెడితే హాలంతా ఒకేలా వినిపిస్తుంది. నిలువుటద్దాలు, గాజు గోడలు, నల్లరంగు వేసిన ఉత్త స్లాబ్ కలిసి ప్రతి దెబ్బనూ తిప్పి కొడతాయి. స్లాబ్‌కు గుడ్డ చుట్టిన 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార) పలకలు బిగిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. పలుచటి స్పాంజి, గుడ్ల ట్రేలు బేస్‌ను ఆపవు. యాంప్లిఫయర్‌లో శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టి, ట్రెడ్‌మిల్ దగ్గర సగటు 80 నుంచి 85 మధ్య ఉండేలా సరిచేసి తాళం వేయాలి. లేకపోతే షిఫ్టు మారినప్పుడల్లా వాల్యూమ్ ఒక గీత పైకి జరుగుతుంది. క్లాసులో ట్రైనర్ మాట వినపడకపోతే మైకు పెంచకుండా పాట తగ్గించాలి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు వాణిజ్య ప్రాంతంలో పగలు 65, నివాస ప్రాంతంలో 55 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. అవి చుట్టుపక్కలవారి కోసం, లోపల సభ్యుల చెవులకు ఆ రక్షణ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు పావుగంట సగటు 100 దాటకూడదంటూ, అక్కడ ఇయర్‌ప్లగ్స్, నిశ్శబ్దంగా ఉండే చోటు కూడా అందుబాటులో ఉంచాలని చెప్పింది. ఎప్పుడో ఒకసారి వెళ్లే కచేరీకి పెట్టిన హద్దు రోజూ వెళ్లే జిమ్‌కు చాలా ఎక్కువ. ట్రేడ్ లైసెన్సు ఇచ్చే మున్సిపల్ అధికారులు జిమ్‌లకు 85 సగటును షరతుగా పెట్టాలి. రద్దీ ఉండని మధ్యాహ్నం వేళ రెండు గంటలు పాటలు ఆపేయడానికి యజమానులకు పైసా ఖర్చు లేదు.

రోజుకు నాలుగైదు క్లాసులు చెప్పే ట్రైనర్లకే ముప్పు అందరికన్నా ఎక్కువ. ఏడాదికోసారి వారికి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) తీయించాలి. శబ్దం వల్ల వచ్చే నష్టం ముందుగా ఆ గ్రాఫులో సన్నని శబ్దాలుండే 4000 హెర్ట్జ్ దగ్గర పల్లంలా కనపడుతుంది, అప్పటికి మామూలు మాటలు బాగానే వినిపిస్తుంటాయి. క్లాసు తర్వాత చెవులు దిబ్బడ వేసి మర్నాటికీ వదలకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోయినా ఆ రోజే కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, దగ్గర్లోని నిపుణుడి దగ్గరికో వెళ్లాలి.

— ఇద్దరు ఆడియాలజిస్టులు (వినికిడి నిపుణులు), హైదరాబాద్