మూడు గంటలకే మెలకువ వచ్చే వారి కోసం: వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారములు.

మా అమ్మ రెండేళ్లపాటు రోజూ తెల్లవారుజామున మూడింటికే లేచి, చీకట్లోనే వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గు వేయకుండా ముగ్గుచిప్ప ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయేది. వయసు మీద పడితే నిద్ర తగ్గుతుందిలే అనుకున్నాం. చూపించిన ప్రతిచోటా నిద్రమాత్రలే రాశారు తప్ప, ఆకలేస్తోందా, బతకాలని ఉందా అని ఆమెను ఒక్కరూ అడగలేదు. మామూలు వేళకు రెండు గంటలు ముందే మెలకువ రావడం, పొద్దున్నే దిగులు ఎక్కువగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడడం డిప్రెషన్ లక్షణాలని చివరికి ఒక మానసిక వైద్యురాలు చెప్పాకే మాకు తెలిసింది.

ఆ వైద్యురాలు డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్ అనే మందు రాసి, ఉదయం టిఫిన్ తర్వాత వేసుకోమన్నారు. రోజూ ఒకే వేళకు లేచి పొద్దుటి ఎండలో కాసేపు నడవమన్నారు. ఈ మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదట్లో కొందరికి వికారం, నిద్రలేమి కూడా రావచ్చు. అమ్మ ఆరో రోజునే మాత్రలు బియ్యం డబ్బా వెనక దాచేసింది. పక్కింటివారు అలవాటైపోతాయని భయపెట్టారట. నచ్చజెప్పి మళ్లీ మొదలుపెట్టించాం. మనసు కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సిన మందు ఇది; ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, చికాకు, నిద్ర చెదరడం వంటి ఇబ్బందులు రావచ్చు.

అలాంటి మందు మాకు ప్రభుత్వాసుపత్రిలో పది రోజులకే ఇచ్చారు. తర్వాత వెళితే స్టాక్ లేదన్నారు. ప్రభుత్వం ప్రకటించే అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ఆసుపత్రులన్నింటిలో మానసిక రోగులకు ఎల్లవేళలా ఉచితంగా దొరకాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది. ఆ "ఎల్లవేళలా" అన్న మాటే మేము అడుగుతున్నది.

బీపీ, షుగర్ మాత్రల్లాగే వీటిని కూడా నెలకు సరిపడా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇప్పించండి. బీపీ చూడడానికి ఇంటికి వచ్చే ఏఎన్‌ఎం, "ఎన్నింటికి మెలకువ వస్తోందమ్మా?" అని కూడా అడిగేలా శిక్షణ ఇప్పించండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీదా రాయించండి. ఫోన్‌లో సలహా పొందినవారికి మందు సొంత మండలంలోనే దొరికేలా చూడండి.

భవదీయురాలు,
శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు ఒక కూతురు