ఆరు ఫిర్యాదు నంబర్లు, ఒక్క జవాబూ లేదు

విజయవాడ,
3 మార్చి 2025

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: టీవీ ఏవీ ఇన్‌పుట్‌లో (పాత పరికరాల వైర్లు పెట్టే రంధ్రంలో) బొమ్మ నిలవకపోవడం, జనవరి 18 నుంచి నా ఫిర్యాదులను ఎవరూ పట్టించుకోకపోవడం

అయ్యా,

జనవరి 18న మీకు మొదటి ఫోన్ చేశాను. ఈ నలభై నాలుగు రోజుల్లో మీ కంపెనీ నాకు ఆరు ఫిర్యాదు నంబర్లిచ్చింది. ఆరింటినీ ‘పరిష్కరించాం’ అని మూసేసింది. నా టీవీలో బొమ్మ మాత్రం మొదటి రోజు ఎలా ఎగిరిందో ఇవాళా అలాగే ఎగురుతోంది. ఈ ఆరుసార్లలో నేను చెప్పేది చివరిదాకా విన్న మనిషి మీ దగ్గర ఒక్కరూ లేరు. నా బాధంతా అదే.

సంగతి మళ్లీ మొదటినుంచీ చెబుతాను. సంక్రాంతికి ముందు మీ 43 అంగుళాల టీవీ కొన్నాను. పండక్కి తెనాలిలో అమ్మ దగ్గరికి వెళ్తే అటక మీద నా పాత వీడియో గేమ్ దొరికింది. జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రానికి నకలుగా వచ్చిన పెట్టె అది. మా చిన్నప్పుడు దానికి ఇంకో పేరు లేదు, వీడియో గేమ్ అంటే అదే. 1997లో ఏడో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఫస్ట్ క్లాసు వచ్చిందని నాన్న బీసెంట్ రోడ్డుకు వచ్చి కొన్నారు. నాన్న పోయి ఆరేళ్లయింది. మావాడు ఇప్పుడు ఏడో తరగతి. తాతయ్య కొన్న గేమ్ అనగానే వాడు దాన్ని తెనాలి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

కలిపాం. క్యాసెట్ ఊది పెట్టాం. ట్యాంకుల గేమ్ రెండు మూడు క్షణాలు కనిపించింది, వణికింది, నీలం తెర పడి ‘సిగ్నల్ లేదు’ అని వచ్చింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మారియో గేమ్ కాసేపు నిలబడింది. దెబ్బ తగిలితే మారియో మినుకుమినుకుమంటాడు కదా, మీ టీవీలో ఆ కాసేపూ మనిషే మాయమైపోతున్నాడు. “నాన్నా, మారియో ఏడీ?” అని మావాడు అడిగేలోపే మారియో గుంటలో పడ్డాడు.

మొదటి ఫోన్: ఇరవై ఆరు నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి మాట్లాడింది. “సెట్ టాప్ బాక్స్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సర్” అంది. ఇది సెట్ టాప్ బాక్స్ కాదమ్మా, పాత వీడియో గేమ్ అన్నాను. “ఓకే సర్, హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చి చూడండి.” దీనికి హెచ్‌డీఎంఐ ఉండదమ్మా, పసుపు వైరు బొమ్మకి, తెల్ల వైరు సౌండుకి అని చెప్పాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత “మీ ఏరియా కేబుల్ ఆపరేటర్‌ని కాంటాక్ట్ చేయండి సర్” అని పెట్టేసింది. ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చింది, నా ఫిర్యాదు పరిష్కారమైందని.

రెండోసారి తెలుగు కోసం 3 నొక్కమంటే 3 నొక్కాను. వచ్చినాయన హిందీలో మొదలుపెట్టారు. నాకొచ్చిన హిందీలో తంటాలు పడి చెప్పాను. ఆయన రాసుకున్నది తర్వాత మీ యాప్‌లో చూశాను: ‘గేమ్ యాప్ డౌన్‌లోడ్ కావడం లేదు’. నేను డౌన్‌లోడ్ అన్న మాటే అనలేదు.

మూడో ఫిర్యాదుకు జనవరి 27న మీ టెక్నీషియన్ వచ్చాడు. గుమ్మంలో చెప్పులైనా విప్పకముందే “ఓటీపీ చెప్పండి సార్, అది కొడితేనే కంప్లైంట్ ఓపెన్ అవుద్ది” అన్నాడు. నమ్మి చెప్పాను. యూట్యూబ్‌లో పాట పెట్టి “డిస్‌ప్లే సూపర్ ఉంది సార్” అన్నాడు. గేమ్ చూపిస్తే నవ్వాడు, ఇంకా ఇవి దాచుకున్నారా అని. ఆ నవ్వు మావాడి ముందు. తర్వాత అడక్కుండానే టీవీ ఫ్యాక్టరీ రీసెట్ చేశాడు. వైఫై, అకౌంట్లు అన్నీ పోయాయి, బొమ్మ మాత్రం అలాగే ఎగిరింది. అతని బండి మా సందు దాటకముందే ఫిర్యాదు మూసేశామని, ఐదు స్టార్లు ఇవ్వమని మెసేజ్. నేను చెప్పిన ఓటీపీ పని అయిపోయిందని ఒప్పుకునే ఓటీపీ అని అప్పుడు తెలిసింది. ఇది మోసం కాకపోతే ఏమిటో మీరే చెప్పాలి.

నాలుగోసారి ఫోన్ చేస్తే, ఆ టెక్నీషియన్ ‘గేమ్ గన్ పనిచేయడం లేదు, టీవీలో లోపం లేదు’ అని రాశాడన్నారు. అయ్యా, తుపాకీ గురించి నేను ఫిర్యాదే చేయలేదు! గేమ్‌తో వచ్చిన, తెర మీది బాతులను కొట్టే ఆ తుపాకీ కొత్త టీవీల్లో పనిచేయదని నాకు తెలుసు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల గడి మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీలోని కన్ను ఆ క్షణంలోనే పట్టుకోవాలి. ట్యూబు టీవీ వెంటనే చూపించేది, కొత్త టీవీ బొమ్మను లోపల సర్దుకుని కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది. అది మీ తప్పు కాదు. మీది కాని తప్పును నేను మీ మీద వేయలేదు. నేను అడగనిదాన్ని నా పేర రాసి, దానికి మీరే జవాబు చెప్పుకున్నారు.

ఐదోసారి కొన్న షాపుకి వెళ్లమన్నారు. షాపువాళ్లు కంపెనీకే ఫోన్ చేయాలన్నారు. ఈమెయిల్ పెడితే నిమిషంలో ‘మీ సందేశం మాకు ఎంతో విలువైనది’ అని జవాబొచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. ఆరోసారి పట్టుబడితే టీమ్ లీడర్ లైన్‌లోకి వచ్చి, 48 గంటల్లో తానే ఫోన్ చేస్తానన్నారు. రెండు రోజులు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మావాడు బడి నుంచి వచ్చి బ్యాగు దించకముందే “ఫోనొచ్చిందా నాన్నా” అనేవాడు. మూడో రోజు నుంచి అడగడం మానేశాడు.

మీరు చేయని పని సత్యనారాయణపురంలో ఒక పాత టీవీ మెకానిక్ బాబాయ్ చేశారు. ఆయనకు అరవై దాటాయి. ముందు నా వైరునే అనుమానించారు. మీ టీవీకి పసుపు, తెల్ల వైర్లకు విడివిడి రంధ్రాలు లేవు, హెడ్‌ఫోన్ పిన్ను లాంటి ఒక్క రంధ్రమే ఉంది. దానికి వేసే వైర్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల ఎర్త్ కలిసే రింగు వేర్వేరు చోట్ల ఉంటుందట. మీటరు పెట్టి చూసి, నాది కెమెరా వైరని తేల్చి, సరైనది ఇచ్చారు. సౌండులో గుర్రుమనే మోత పోయింది. బొమ్మ జబ్బు పోలేదు. అదే గేమ్‌ను తన షాపులోని ట్యూబు టీవీకి పెట్టారు, రాయిలా నిలబడింది. రిపేరుకొచ్చిన ఇంకో కంపెనీ ఎల్ఈడీకి పెట్టారు, అక్కడా నిలబడింది.

అప్పుడు కాగితం మీద గీతలు గీసి చూపించారు. మామూలు ప్రసారంలో బొమ్మ బేసి గీతలు ఒక విడత, సరి గీతలు ఒక విడతగా వస్తుంది. మన పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతిలో విడతకు 312న్నర గీతలు. పాత గేములు ఆ అర గీత వదిలేసి 312తో సరిపెట్టి, ప్రతి విడతనూ పూర్తి బొమ్మగా ఒకే చోట గీస్తాయి. ట్యూబు టీవీకి దాంతో ఇబ్బంది లేదు. మీ టీవీ ఆ తేడా తెలియక రెండు విడతలను కలిపి కుట్టాలని చూస్తోంది. మారియో మినుకుమన్నప్పుడు ఒక విడతలో ఉంటాడు, ఇంకో విడతలో ఉండడు. కుట్టడంలో అతను ఎగిరిపోతున్నాడు. “సాఫ్ట్‌వేర్‌తో సరవుద్దో, బోర్డే కుదరదో కంపెనీవాళ్లు చెప్పాలి బాబూ, వాళ్లకు తెలుసుద్ది” అన్నారు బాబాయ్. చాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు.

బయట దొరికే ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా కూడా కొన్నాను. అదీ ఇలాగే కుడుతోంది, పైగా బటన్ నొక్కాక మారియో ఆలస్యంగా ఎగురుతున్నాడు. పాత గేముల కోసమే చేసిన రెట్రోటింక్ లాంటి మంచి పెట్టెలు ఉన్నాయట, అవి వేల రూపాయలు. మీ టీవీ డబ్బా మీద ఏవీ ఇన్‌పుట్ ఉందని మీరే అచ్చువేశారు. దాన్ని పనిచేయించడానికి నేను ఇంకో పెట్టె ఎందుకు కొనాలి?

మా ఇంట్లో మీ కంపెనీ ఇవాళ్టిది కాదు. నాన్న ఆ గేమ్‌ను మొదట కలిపింది మీ టీవీకే. 1996 ప్రపంచ కప్ ముందు వాయిదాల మీద కొన్న కలర్ టీవీ అది. ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో సెమీఫైనల్ పోతుంటే మా వీధి సగం మా వరండాలో కూర్చుని అందులోనే చూసింది. ఒకసారి అది ఆగిపోతే మీ కంపెనీ మనిషి తెనాలి వచ్చి, వెనక మూత విప్పి, నాన్నకు ఏం పోయిందో చూపించి మరీ బాగుచేశాడు. ఆ ఒక్క రాకతో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, రెండు ఏసీలు మీవే కొన్నాం. మా బావమరిది చేత కూడా నేనే చెప్పి కొనిపించాను. ఇప్పుడు వాడికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఈ పెట్టె మీ టీవీలో ఆడదు అని తెలిసినవాళ్లు ఒక్కరు మొదటి రోజే చెప్పి ఉంటే బాధపడేవాణ్నేమో గానీ ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఓటీపీ కోసం కాకుండా పని కోసం ఒక ఇంజినీరు మా ఇంటికి రావాలి. గేమ్ కలిపి, అరగంట కూర్చుని చూసి, అవుతుందో కాదో రాసివ్వాలి. కాకపోతే ఏవీ ఇన్‌పుట్ సరిగా పనిచేసే టీవీ ఇవ్వండి, లేదా నా డబ్బు వెనక్కివ్వండి. పోయిన సెలవులకు కూడా మీరే జవాబు చెప్పాలి.

మార్చి 15 దాకా చూస్తాను. ఆ తర్వాత 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, నా టీవీ ధరకు రుసుము కూడా లేదు, లాయరు అక్కర్లేదు. ఆరు మెసేజ్‌లు, బొమ్మ ఎగిరే వీడియోలు, ఓటీపీ వచ్చిన సమయం, ఫిర్యాదు మూసిన సమయం అన్నీ దాచాను. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఇళ్లున్నాయి, ప్రతి ఇంటికీ ఈ ఉత్తరం నకలు ఇస్తాను.

నాకు ఫోన్ చేసేవారిని ముందు ఈ ఉత్తరం మొత్తం చదవమనండి. సెట్ టాప్ బాక్స్ ఆఫ్ చేసి ఆన్ చేయమని మళ్లీ చెబితే నేరుగా కమిషన్‌లోనే కలుద్దాం.

ఇట్లు,
1996 నుంచి మీ ఖాతాదారు కుటుంబం