సంక్రాంతి చందాలతో కొన్న ఆపరేషన్ పరికరాలను ప్రభుత్వం తన లెక్కలో రాసుకోవాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములతో రాయునది.

సంక్రాంతి సెలవులకు బెంగళూరు, హైదరాబాదు, చెన్నై నుంచీ, వీలు చిక్కితే కువైట్ నుంచీ నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతానికి చేరే మా పిల్లలూ, ఇక్కడే ఉండి సేద్యం చేసుకునే పెద్దలూ కలిసి కొన్నేళ్లుగా పండగ ఖర్చులో కొంత మిగిల్చి, దగ్గరలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఆపరేషన్ థియేటరుకు పరికరాలు కొనిపెడుతున్నారు. ఆ చందాల లెక్కలు రాసేది నేనే గనుక తమరికి ఈ లేఖ రాసే బాధ్యతా నా మీద పడింది. ఆసుపత్రి పేరు రాయడం లేదు. అక్కడున్న కొద్దిమంది డాక్టర్లూ నర్సులూ శక్తికి మించి పనిచేస్తున్నారు. ఈ లేఖ కారణంగా వారికి సంజాయిషీ నోటీసు రాకూడదు.

కాన్పు కష్టమైనప్పుడు చేసే సిజేరియన్, పొట్ట తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్, ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన గాయానికి చికిత్స, ఈ మూడూ ఏ మనిషికైనా రెండు గంటల ప్రయాణ దూరంలో అందాలని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన అంతర్జాతీయ కమిషన్ చెప్పింది. ఉదయగిరి నుంచి నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. 108 బండి వచ్చి, రోగిని ఎక్కించుకుని, బయలుదేరి నెల్లూరు చేరేసరికి ఆ రెండు గంటలూ దారిలోనే అయిపోతాయి. సీతారామపురం వైపు కొండ కింద ఊళ్లవారికి ఇంకా దూరం. కాబట్టి మధ్యలో ఉన్న ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నడవడమన్నది ఇక్కడివారికి ప్రాణావసరం.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టవలసిన పెద్ద సంస్థలు తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. కృష్ణపట్నం తీరాన పరిశ్రమలున్నాయి. మెట్టలో అటువంటివి లేవు కనుక మాకు మిగిలింది పండగ చందాయే. ఆ చందా ఎలా పోగవుతుందో తమరు ఒక్కసారి చూడాలని నా కోరిక. భోగి మర్నాడు గుడి ముందు పట్టా పరిచి, ఉదయగిరి పనివారు ఇచ్చిన చెక్క గరిటెలూ చెంచాలూ వేలం వేస్తాం. కలివి కర్రతో చెక్కిన గరిటెకు బజారులో పలికే ధరకు ఎన్నో రెట్లు పాడి తీసుకుంటారు. ముగ్గుల పోటీలో గెలిచిన ఆడపిల్లలు బహుమతి డబ్బును అక్కడికక్కడే డబ్బాలో వేస్తారు. కూలి పనికి వెళ్లే ఒక అవ్వ కొంగుముడి విప్పి ఇచ్చిన యాభై రూపాయలకు రసీదు అక్కర్లేదన్నా రాసి చేతిలో పెట్టాను. బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో, కోరిక తీరినవారు తీరవలసినవారికి ఆరోగ్య రొట్టె పంచే జిల్లా మాది. పక్కవారి ఆరోగ్యం కోసం ఇవ్వడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు.

ఇలా వచ్చిన సొమ్ముతో ఆపరేషన్ సమయంలో రక్తనాళాల కొసలను మూసి రక్తస్రావం ఆపే కాటరీ యంత్రం కొనిచ్చాం. ఇప్పుడది థియేటరు పక్క గదిలో ఆకుపచ్చ గుడ్డ కింద ఉంది. ప్రారంభోత్సవం నాడు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. యంత్రం చెడిపోలేదు, రోగి తొడ కింద అమర్చే ప్లేటు తీగ తెగింది, అంతే. ఆ ప్లేటు లేకపోతే కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు, అలాగే వాడితే రోగి ఒళ్లు కాలుతుంది. తీగ మార్పించండని అడిగితే, ఈ యంత్రం స్టాకు రిజిస్టరులోకి ఎక్కలేదు గనుక విడిభాగం పంపమని ఇండెంటు పెట్టడానికి లేదనీ, నిర్వహణ ఒప్పందం కిందికి రాదు గనుక ఇంజనీరు ముట్టుకోడనీ చెప్పారు. ఆసుపత్రి పరికరాల నిర్వహణకు 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ తెచ్చిన కార్యక్రమంలో, సామాజిక ఆరోగ్య కేంద్రాల పరికరాలు 90 శాతం సమయం పనిచేసే స్థితిలో ఉండాలన్న నియమం ఉంది. మా యంత్రం రిజిస్టరులోనే లేదు కాబట్టి ఆ లెక్కలో అది ఆగిపోయినట్టు కూడా కనిపించదు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

దాతల వైపు సరిదిద్దుకోవలసినదీ ఉంది. పేరు చెక్కించుకోవడానికి వీలున్న పెద్ద యంత్రం మీదికే చాలామంది మనసు పోతుంది. ఆపరేషన్ పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మూతకు వేసే రబ్బరు గ్యాస్కెట్ కొందామంటే ఎవరికీ ఉత్సాహం ఉండదు. ఆ గ్యాస్కెట్ అరిగితే ఆవిరి పట్టదు, 121 డిగ్రీల వేడి నిలవదు, కత్తెరలూ ఫోర్సెప్సూ శుద్ధి కావు, ఆ రోజుకు ఆపరేషన్లు ఆగిపోతాయి. ఏది ముందు కావాలో ఆసుపత్రే నోరు తెరిచి చెప్పే ఏర్పాటు ఉంటే ఈ పరిస్థితి రాదు.

అందుచేత తమరిని కోరేది ఇది. ప్రతి ఏటా దీపావళి నాటికి, సర్జన్, మత్తు డాక్టరు, బయోమెడికల్ ఇంజనీరు కలిసి తయారుచేసిన అవసరాల జాబితాను ప్రతి ప్రభుత్వ ఆసుపత్రీ నోటీసు బోర్డులో పెట్టేలా ఉత్తర్వు ఇవ్వండి. ఆ జాబితా ప్రకారం వచ్చిన పరికరాన్ని అందుకున్న నెలలోపు స్టాకు రిజిస్టరులో రాసి, ప్రభుత్వం కొన్నవాటితో సమానంగా నిర్వహణ ఒప్పందంలో చేర్చి, దానికి కావలసిన తీగలు, ప్లేట్లు, ఫిల్టర్లు మామూలు బడ్జెట్టులోంచే వచ్చేలా చూడండి. జాబితాలో లేనిదాన్ని, ఇచ్చేవారు ఎంతటి పలుకుబడి ఉన్నవారైనా, మర్యాదగా వద్దనే అధికారం సూపరింటెండెంటుకు ఉండాలి.

ఇంకొకటి మా చందాలతో అయ్యే పని కాదు. మత్తు ఇచ్చే బాయిల్స్ యంత్రాన్ని మేము కొనివ్వగలం, మత్తు డాక్టరును కొనివ్వలేం. వారంలో కొన్ని రోజులే వచ్చే డాక్టరు కోసం కాన్పు నొప్పులు ఆగవు. ఆ పోస్టును పూర్తికాలానికి భర్తీ చేసేదాకా, కనీసం రాత్రివేళల్లో పిలిస్తే వచ్చే ఏర్పాటైనా చేయించవలసిందిగా ప్రార్థన.

రాబోయే సంక్రాంతి చందాల పుస్తకం మార్గశిరంలోనే తెరుస్తాం. ఈసారి ఏం కొనాలని ఊరివాళ్లు అప్పుడే అడుగుతున్నారు. తమ శాఖ నుంచి జాబితా వస్తే దాని ప్రకారమే కొంటాం. ఈలోగా గుడ్డ కింద ఉన్న ఆ కాటరీని రిజిస్టరులో రాయించి, తీగ మార్పించేందుకు జిల్లా అధికారులకు ఆదేశం ఇవ్వగలరు. యంత్రం బిల్లు, దానపత్రం నకళ్లు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏ అధికారి అడిగినా తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
చందాదారుల తరఫున,
నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడు