వోల్టేజీ తగ్గించాక అసలు పరీక్ష ఖాళీగా ఉన్నప్పుడే

సంపాదకులకు,

రోహిణి కార్తెలో బెజవాడ, గుంటూరు కంప్యూటర్ షాపులకు వచ్చే ఫిర్యాదు ఒకటే: ‘ప్రాసెసర్ కాగిపోతోంది, ఫ్యాను గ్రైండర్‌లా మోగుతోంది’. దీనికి కొందరు మెకానిక్‌లు ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించి ఇస్తున్నారు. మంచి పనే. కానీ బరువైన ప్రోగ్రాం ఒకటి పది నిమిషాలు తిప్పి, హ్యాంగ్ కాలేదు కదా అని డబ్బులు తీసుకుని పంపేస్తున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

గది 25 డిగ్రీలున్నప్పుడు 75 చూపించే చిప్, గది 38కి చేరితే అదే పనికి సుమారు 88 చూపిస్తుంది. ఎంత ఖరీదైన కూలరైనా, నీళ్ల కూలరైనా, గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. కాబట్టి వేడి పుట్టడమే తగ్గాలి. ప్రాసెసర్ పనిచేసేటప్పుడు తాగే కరెంటు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను) బట్టి మారుతుంది. 1.25 వోల్టుల నుంచి 1.15కి దించితే, వేగం అంతే ఉన్నా, లెక్క ప్రకారం 15 శాతం మిగులుతుంది. అంత దించడానికి చోటెక్కడిదంటారా? ఎండలోనైనా, ఏళ్లు గడిచాకైనా ఆగకుండా నడవాలని కంపెనీవాళ్లు ప్రతి చిప్‌కీ అవసరానికి మించి కాస్త కలిపే పెడతారు. ఆ కొసరు ఏ చిప్‌లో ఎంతుందో తెలుసుకోవాలంటే పరీక్షించి చూడాల్సిందే.

ఏఎండీ కంపెనీ రైజెన్ 5000, ఆ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో సరైన దారి బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) ఉండే కర్వ్ ఆప్టిమైజర్ అనే వోల్టేజీ దించే సెట్టింగు. అది ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ మెనూ కింద ఉంటుంది. కొన్ని చవక మదర్‌బోర్డుల్లో ఉండదు, పాత బయోస్‌లో కనపడదు. ముందు వేగాన్ని కొలిచే సినీబెంచ్ ప్రోగ్రాం మూడుసార్లు నడిపి స్కోరు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ‘ఆల్ కోర్స్’ (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలే కోర్లు), ‘నెగటివ్’ ఎంచుకుని 10 ఇవ్వాలి. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. అక్కడి నుంచి ఐదేసి చొప్పున (15, 20 ఇలా) దిగాలి. పక్కింటివాళ్ల చిప్ 30 దాకా దిగిందని మొదటి రోజే 30 ఇవ్వకూడదు.

వేడి తగ్గలేదని చాలామంది నిరాశపడేది ఇక్కడే. వోల్టేజీ దిగి కరెంటు మిగిలితే, ఆ మిగులును వేగం పెంచడానికి ప్రాసెసరే వాడేసుకుంటుంది. ఉదాహరణకు రైజెన్ 5 5600కు కరెంటు పరిమితి 76 వాట్లు. కర్వ్ దించినా బరువైన పనిలో మళ్లీ ఆ 76 వరకూ పోవచ్చు. వేగం ఉన్నంత చాలు, చల్లదనం కావాలనుకుంటే పీపీటీ అనే ఈ వాట్ల పరిమితిని కూడా 60, 65 వాట్లకు దించి, స్కోరు మళ్లీ చూసుకోవాలి. రెండూ కలిస్తేనే ఫ్యాను నెమ్మదిస్తుంది.

కర్వ్ జోలికి పోకుండా నేరుగా ఆఫ్‌సెట్‌తో (అన్ని వేగాలకూ ఒకే మోతాదులో తగ్గించే సెట్టింగు) వోల్టేజీ కోసేస్తే ఇంకో మోసం జరుగుతుంది. తెర మీద 4.4 గిగాహెర్ట్జ్ అనే ఉంటుంది గానీ, వోల్టేజీ చాలనప్పుడు చిప్ లోపల గడియారాన్ని సాగదీసుకుంటుంది. అప్పుడు పని తగ్గుతుంది. చిప్ వివరాలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో ‘ఎఫెక్టివ్ క్లాక్’ (నిజంగా నడుస్తున్న వేగం) చూస్తే దొంగ దొరుకుతాడు. లేదా స్కోరు చూడండి. వేడి తగ్గి స్కోరూ పడిపోతే అది వేగం అమ్ముకోవడమే.

ఇక షాపుల పది నిమిషాల పరీక్ష సంగతి. అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు వేగం తక్కువ స్థాయిలో ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష సులువుగా పాసవుతుంది. ఒకే కోరు ఒక్కసారిగా పై వేగానికి ఎగిరినప్పుడు అసలు బలహీనత బయటపడుతుంది. అందుకే రెండర్ లాంటి బరువైన పని చేస్తే నిలబడిన మిషను, డెస్క్‌టాప్ మీద ఊరికే వదిలేసినప్పుడు, బ్రౌజర్ తెరిచినప్పుడు, నిద్ర నుంచి లేపినప్పుడు గభాలున రీస్టార్ట్ అవుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘వీయా లాగర్’ పేరుతో 18 నంబరు ఎర్రర్ కనిపిస్తే, ర్యామ్ మార్చే ముందు కర్వ్ అంకె తగ్గించి (20 ఉంటే 15కి తెచ్చి) చూడండి. అన్నిటికన్నా చురుకైన కోర్లే ముందు జారతాయి, వాటిలో కొసరు తక్కువ మరి. వాటికి 5 నుంచి 10, మిగతావాటికి 20 దాకా విడివిడిగా ఇవ్వడం మేలు. ఒక్కో కోరునే వంతులవారీగా పరీక్షించే కోర్‌సైక్లర్‌ను రాత్రంతా నడపాలి. యూపీఎస్ లేకపోతే మధ్యలో కరెంటు పోయి మొదటికొస్తుంది. ఆపై రెండు మూడు రోజులు మామూలుగా వాడి చూడాలి.

ఇంటెల్‌లో కథ వేరు. పేరు చివర కె లేని 12వ తరం, ఆపై చిప్‌లలో చాలావాటికి వోల్టేజీ తాళం వేసే ఉంటుంది. ఐ5 12400 లాంటివాటికి చేయగలిగింది, బోర్డు విచ్చలవిడిగా వదిలేసిన కరెంటు పరిమితులను కంపెనీ చెప్పిన 65 (ఎడతెగని పనికి), 117 (కాసేపటి పరుగుకు) వాట్లకు తేవడం. కె రకాల్లో మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి పదేసి దిగవచ్చు. 13, 14 తరాల కె చిప్‌లకైతే ముందు కొత్త బయోస్ ఎక్కించాలి; 2024లో వచ్చిన 0ఎక్స్‌12బి మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రాం) గానీ, ఆ తర్వాతిది గానీ ఉండాలి. ఎక్కువ వోల్టేజీ వల్ల అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను వోల్టేజీ తగ్గింపు బాగుచేయదు.

కూలర్ రెక్కల్లో దుమ్ము మెత్తలా పేరుకున్నా, చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు ఎండిపోయినా ఇవేవీ అక్కర్లేదు, ముందు అది శుభ్రం చేయండి. బిల్లింగ్, ఖాతాలు నడిచే మిషన్ల జోలికి మాత్రం పోవద్దని నా మాట. హ్యాంగైతే తెలుస్తుంది, అంకె తప్పుపడితే తెలియదు.

దించింది ఎక్కువై తెరే రాకపోతే కంగారు వద్దు. కరెంటు తీసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ (బయోస్ సెట్టింగులు చెరిపే) పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలిపితే, లేదా నాణెంలాంటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెడితే పాత స్థితికొస్తుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, ఆ బ్యాటరీ చచ్చినా మీరు పెట్టిన అంకెలు పోవచ్చు. అందుకని పనిచేసిన అంకెలను చిన్న కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించండి. వచ్చే ఎండాకాలం మూత తీసే మెకానిక్ ముందు దాన్ని చూస్తాడు.

– ఒక హార్డ్‌వేర్ మెకానిక్, గవర్నర్‌పేట, విజయవాడ