లైను కలపడానికి వచ్చిన తమ్ముడికి

కొబ్బరి మట్ట పడి తెగిన ఇంటర్నెట్ లైను కలపడానికి మొన్న అమలాపురంలో మా ఇంటికి వచ్చిన తమ్ముడూ, హడావిడిలో నీ పేరు కూడా అడగలేదు.

మా బాబు కాలు విరిగి మూడు వారాలుగా మంచం మీదే ఉన్నాడు. బావగారి పిల్లలు వస్తే కలిసి ఆడుకోవాలని పాత లాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ అనే ఆటకి సర్వర్ (అందరూ వచ్చి కలిసే చోటు) పెట్టుకున్నాడు. పిల్లలొచ్చారు, ఆట మాత్రం కలవలేదు. వాడి కళ్లల్లో నీళ్లు చూసి నాకు ఒకటే టెన్షన్.

అప్పటికే నీ పని అయిపోయింది, భోజనం వేళా దాటింది. అయినా నిచ్చెన గోడకి ఆనించి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చున్నావు. "నువ్విచ్చింది బయటివాళ్లకి కనిపించే అడ్రస్ బాబూ. ఇంట్లోవాళ్లకి లోపలి అడ్రస్ కావాలి" అన్నావు. కీబోర్డు నువ్వు ముట్టుకోలేదు. అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ వాడి చేతే కొట్టించి, ఆ లోపలి అడ్రస్ కనిపించే ఐపీవీ4 వరస మీద వేలు పెట్టి 192.168.1.7 అని చదివించావు. వేరే వాటి నుంచి వచ్చే కనెక్షన్లని అడ్డుకునే ఫైర్‌వాల్‌లో ఆటకి అనుమతి ఇప్పించావు. కరెంటు పోయి వస్తే నంబరు మారిపోవచ్చని, రౌటర్‌లో దాన్ని ఆ లాప్‌టాప్‌కే కేటాయించావు.

తర్వాత జేబులోంచి మార్కర్ తీసి, ఆ అడ్రస్ పక్కనే ఆటకి తలుపు నంబరు లాంటి 25565 పోర్టు కూడా కలిపి వాడి కాలి కట్టు మీద రాశావు. "ఇక్కడైతే ఎక్కడికీ పోదు!" మూడు వారాల తర్వాత వాడు పగలబడి నవ్వడం అప్పుడే విన్నాను.

డబ్బులిస్తే "ఆయ్, ఇది లైను పని కాదండి అక్కా" అని కొబ్బరి బొండం ఒక్కటే తాగి వెళ్లావు. వచ్చే వారం కట్టు విప్పుతారు. ఆ ముక్క దాచమంటున్నాడు వాడు. ఈసారి ఇటొస్తే భోంచేసే వెళ్లాలి తమ్ముడూ.