ఈ శని, ఆదివారాలు ఇంట్లోనే

అందరికీ నమస్కారం. సోమవారం తెల్లవారుజామున నా ఫ్లైట్. మళ్ళీ వచ్చేది రెండేళ్ళ తర్వాతే. అందుకే ఈ రెండు రోజులూ ఇల్లు కదలను, ఫోన్ కూడా పెద్దగా చూడను. రిప్లై ఇవ్వకపోతే ఏమీ అనుకోకండి.

సర్దడం నిన్నటితో అయిపోయిందనుకున్నా. అమ్మ పెట్టె మళ్ళీ విప్పింది. ఇంకో స్వెట్టర్ పెట్టడం, తూకం వేయడం, 23 కిలోలు దాటిందని తీసేయడం, నేను అటు తిరగ్గానే మళ్ళీ కుక్కడం. ఇప్పటికి మూడుసార్లయింది. నాన్న మాత్రం పెద్దగా మాట్లాడట్లేదు. పాస్‌పోర్ట్ జిరాక్సులు తీస్తూనే ఉన్నారు. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ పెట్టెలో వద్దు, చేతి బ్యాగులోనే ఉండాలని రెండుసార్లు చెప్పారు. నిజమే లెండి, లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే క్యాబిన్‌లో అయితే ఆర్పడానికి మనుషులుంటారు.

నానమ్మకి వీడియో కాల్ నేర్పడం ఇంకా మిగిలే ఉంది. నా ఫొటో నొక్కితే చాలు అని చూపించా. ఇప్పటిదాకా టార్చ్ మాత్రం బాగా వెలిగిస్తోంది.

కలుద్దామనుకున్నవాళ్ళు శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేయండి. ఎయిర్‌పోర్టుకి మాత్రం ఎవరూ రావద్దు. నేను ఏడిస్తే ఆ ఫొటో ముందు ఈ గ్రూపులోనే పడుతుందని తెలుసు.